టైబీరియస్ వెండి నాణెం: కారట్ మిషను వెండే అంటోంది, నాకు నమ్మకం కుదరడం లేదు

మహేంద్రతనయ_గట్టు
మాది పర్లాకిమిడి. పాత నాణేల అమ్మకాల గ్రూపులో ఒకతను రోమన్ చక్రవర్తి టైబీరియస్ దేనారం (వెండి నాణెం) అని పెడితే 6,800 పెట్టి కొన్నాను. "మా తాతగారి పెట్టెలోది, కళింగపట్నం రేవు దగ్గర దొరికింది, ఏసుప్రభువు కాలం నాటి పన్ను నాణెం" అని రాశాడు. నాణెం చేతికొచ్చింది. బాగుంది. మరీ బాగుంది, అదే నా బెంగ. రాజుగారి ముక్కు, తలమీద ఆకుల దండ, వెనకాల కుర్చీలో కూర్చున్న ఆవిడ, అన్నీ తేటగా ఉన్నాయి. బజార్లో బంగారం కొట్టుకి పట్టుకెళ్ళి లోహం శుద్ధి చూపించే కారట్ మిషను మీద పెట్టిస్తే వెండి 94 శాతం చూపించింది. కొట్టాయన "వెండే బాబూ, ఇంకేటి కావాలి?" అన్నాడు. గ్రూపులో అడిగితే సగం మంది అసలే అంటారు, సగం మంది నవ్వుతున్నారు. వాపసుకి వారం గడువిచ్చాడు. ఈలోగా తేల్చుకోవడం ఎలాగ?

నాణెంపిచ్చి
తూకం ఎంత? అడ్డం ఎంత? అంచు ఫోటో ఏది? బొమ్మవి ఇన్ని ఫోటోలు పెట్టి అంచుది ఒక్కటీ పెట్టలేదు.

గుణుపురం_గోల
తాతగారి పెట్టె! ఈ దేశంలో తాతలందరూ పెట్టెలనిండా రోమన్ నాణేలు దాచి పోయారు. మా తాత మాత్రం అప్పు కాయితాలు దాచాడు.

మహేంద్రతనయ_గట్టు
తూకం 3.42 గ్రాములు. అడ్డం 18 మిల్లీమీటర్లు. అంచు ఫోటో పెట్టాను చూడండి. ఎడంపక్క ఓ పగులుంది, దాని పక్కనే సన్నటి గీత.

నాణెంపిచ్చి
అది ఏ నాణెమో ముందు తేల్చుకుందాం, అసలా నకిలీనా అన్నది ఆ తర్వాత.

టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 దాకా ఏలాడు. ఆయన వెండి నాణేలు చాలామట్టుకు ఈ ఒక్క రకమే, ఏళ్ళ తరబడి బొమ్మ మార్చలేదు. కొట్టింది లుగ్డునంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్‌లో. బొమ్మ వైపు తల కుడికి తిరిగి ఉంటుంది. చుట్టూ "టిఐ సీజర్ దివి అవ్‌గ్ ఎఫ్ అవ్‌గుస్తుస్" అని ఉండాలి: దైవమైన ఆగస్టస్ కొడుకు టైబీరియస్ సీజర్ ఆగస్టస్ అన్నమాట. బొరుసు వైపు "పాంటిఫ్ మాగ్జిమ్", అంటే ప్రధాన పురోహితుడు. కుర్చీలో కుడివైపు తిరిగి కూర్చున్న స్త్రీకి ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో కొమ్మ. ఆవిడ రాజుగారి తల్లి లివియా అంటారు కొందరు, శాంతి దేవత అంటారు కొందరు. కుర్చీ కాళ్ళు కొన్నిట్లో సాదాగా ఉంటాయి, కొన్నిట్లో నగిషీ ఉంటుంది. మీ ఫోటోలో ఇవన్నీ ఉన్నాయి, అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కాబట్టి రకం విషయంలో పేచీ లేదు. కానీ నకిలీ చేసేవాడు కూడా అసలుదాన్ని చూసే చేస్తాడు కదా.

అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ళ "ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్" సైటు ఉచితం. అందులో టైబీరియస్ కింద 30వ నంబరు తెరిస్తే మ్యూజియముల్లో ఉన్న నాణేలు బొమ్మాబొరుసుతో, తూకంతో వస్తాయి. ఒక గంట కూర్చుని అవి చూస్తే మీ కంటికే తేడా తెలుస్తుంది.

నాకు నచ్చనిది తూకం. ఈ రకం మామూలుగా 3.6 నుంచి 3.9 మధ్య ఉంటుంది.

లెక్కలమాష్టారు
తూకం సంగతి నేను చెప్తాను. రోమన్ పౌను సుమారు 327 గ్రాములు. ఆగస్టస్, టైబీరియస్ కాలంలో పౌను వెండికి 84 నాణేలు కొట్టేవారు. 327ని 84తో భాగిస్తే 3.89. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి పౌనుకి 96 చేశాడు. అప్పుడు 3.41. ఈ అబ్బాయి నాణెం 3.42. అంటే టైబీరియస్ మొహం, నీరో తూకం!

గుణుపురం_గోల
మాష్టారూ, రిటైరైనా మార్కులు కొయ్యడం మానలేదు.

పాతరాతియుగం
తూకం పట్టుకుని నకిలీ అనేస్తే ఎలా? రెండువేల ఏళ్ళు చేతులు మారిన వెండి అరగదా? 3.4 దగ్గర తూగే అసలు నాణేలు నేను చూశాను. ఇంకో మాట. ఆ కాలంలో మన దక్షిణాపథంలోనే రోమన్ నాణేలకు నకళ్ళు కొట్టేవారు. తవ్వకాల్లో దొరికాయి కూడా. అలాంటిదైతే తూకం తక్కువున్నా పురాతనమే, ధర కూడా పలుకుతుంది. తొందరపడి వాపసు ఇచ్చేయకండి.

రుషికుల్య
అరిగితే బొమ్మ కూడా అరగాలి కదండీ. ఆయన ముక్కు కొనదేలి ఉంది, ఆకుల ఈనెలు కనిపిస్తున్నాయి. వెండి పోయిందెక్కణ్ణుంచి మరి?

నాణెంపిచ్చి
సరిగ్గా అడిగారు రుషికుల్యమ్మా. మన దగ్గర కొట్టిన నకళ్ళయితే అక్షరాలు తప్పుల తడకగా ఉంటాయి. లాటిన్ రాని చేతులు చెక్కినవి కదా, కొన్నిట్లో అక్షరాల బదులు గీతలే ఉంటాయి. ఇక్కడ రాత శుద్ధంగా ఉంది. ఆ దారి మూసుకుపోయినట్టే.

ప్రాణహిత_అన్న
మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. గోదారి దాటితే తెలంగాణే. అమ్మినోడు కళింగపట్నం అన్నడు గద, దాని మీద ఒక మాట. మన దేశంల రోమన్ వెండి ఎక్కువ దొరికింది దక్షిణాన. నల్లగొండ దిక్కు అక్కెనపల్లిల ఒక్క కుండలనే 1531 వెండి నాణేలు ఎల్లినయ్, మస్తుగ ఆగస్టస్‌వి, టైబీరియస్‌వి. చానా వాటి మీద చిన్న చిన్న ముద్రలు గుద్ది ఉన్నయ్, మనోళ్ళు గుద్దినవే. మాకు దగ్గర్ల పెద్దబంకూరుల గూడ శాతవాహన నాణేలతోని రోమన్ నాణేలు దొరికినయ్. గందుకే నకిలీ అమ్మెటోళ్ళు సుత "ఆంధ్రల దొరికింది" అని రాస్తరు. ఆ కథకు రూపాయి ఎక్కువియ్యద్దు.

వంశధార_ఒడ్డు
ఒడిశాలోనూ ఉన్నాయి కదన్నా. పాత కోరాపుట్ జిల్లా గుముడలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. భువనేశ్వర్ పక్కన శిశుపాలగఢ్ తవ్వకాల్లో రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి బిళ్ళలు బయటపడ్డాయి.

ప్రాణహిత_అన్న
ఉన్నయ్ తమ్మీ, లేవంటలేను. బంగారం, మట్టి. వెండి కాదు గద.

మహేంద్రతనయ_గట్టు
కథ సంగతి వదిలేయండి, నేనూ దానికి డబ్బివ్వలేదు. మిషను 94 చూపించింది. దానికేటి సమాధానం?

కంసాలివీధి
రాయగడలో మాది వెండి పనే, మూడో తరం. ఆ మిషను కిరణాలు పైపొరనే చదువుతాయి. లోపల ఏముందో దానికి తెలీదు. వెండి పూత దిట్టంగా ఉంటే పూత ఎంత శుద్ధమో చెప్తుంది, అంతే. మా దగ్గరికి పూత పట్టీలు తెచ్చి "మిషను చూసింది" అని పోట్లాడేవాళ్ళు రోజూ ఉంటారు. అసలు పాత నాణెమైనా పైన ఒకలా, లోన ఒకలా ఉంటుంది. కల్తీ వెండి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటే పైపొరలో రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది. కాబట్టి పైపొర మీద తీసిన అంకె అటూ సాక్ష్యం కాదు, ఇటూ కాదు.

ఒక పని చెయ్యండి. అంచున ఎక్కడైనా పూత అరిగిన చోటు గానీ, ఆ పగులు దగ్గర గానీ మిషను కింద పెట్టమనండి. వెండి శాతం కాదు, పక్కన చూపించే మిగతా లోహాల పేర్లు రాయించుకోండి. గీటురాయి మీద గియ్యొద్దు, ఆకురాయి అసలే పెట్టొద్దు. అసలుదైతే పాడైపోద్ది.

లెక్కలమాష్టారు
లోన ఏముందో నీళ్ళు చెప్తాయి. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా ఉంటే చాలు. గాజు గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయాలి. నాణేనికి సన్నటి దారం కట్టి, పైనుంచి వేలాడదీస్తూ నీళ్ళలో ముంచాలి. అడుగుకి తగలకూడదు, గ్లాసు గోడకి తగలకూడదు. బుడగలుంటే ఒక్క చుక్క సబ్బు నీళ్ళు. ఇప్పుడు కాటా ఎంత చూపిస్తే నాణెం అంత నీటిని తోసినట్టు. గాలిలో తూకాన్ని ఆ అంకెతో భాగించు.

అలా వచ్చేదే సాంద్రత. వెండి 10.49. రాగి 8.96. ఇత్తడి 8.5 ప్రాంతం. నీ 3.42 గ్రాముల నాణెం మంచి వెండి అయితే కాటా 0.33 చూపించాలి. 0.38 దాటితే లోన వెండి లేదు.

గుణుపురం_గోల
ఆర్కిమిడీస్ బట్టల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. మీరు మాత్రం పర్లాకిమిడి బజార్లో అలా చెయ్యకండి, మొన్ననే కొత్త ఎస్సై వచ్చాడు.

రుషికుల్య
మధ్యలో అడుగుతున్నాను, తిట్టుకోకండి. నా దగ్గర ఒకటుంది, విదేశీ వేలంలో బిల్లుతో, కస్టమ్స్ కట్టి తెప్పించుకున్నాను. ఆడమనిషి తల, జుట్టు ముత్యాలతో పైకి చుట్టి ముడేసి ఉంది. "దివా ఫాస్టీనా" అని రాసుంది. బొరుసు మీద "ఏటెర్నిటాస్". తూకం 3.24. వాళ్ళు రాసిన వివరం సరిగ్గానే ఉందా?

నాణెంపిచ్చి
సరిగ్గానే ఉంది. రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫాస్టీనా. క్రీ.శ. 140 ప్రాంతంలో చనిపోయింది. చనిపోయాక దేవతల్లో కలిపారు గనక "దివా". భర్త ఆవిడ పేరున ఇలాంటివి చాలా కొట్టించాడు, అందుకే ఇవి తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే రకం. టైబీరియస్‌కి బైబిలు గిరాకీ ఉంది, అందుకే దానికి నకిలీల బెడదా ఎక్కువే. 3.24 ఆ కాలానికి సరిపోయే తూకం.

రాజు నాణేల మీదైతే "కాస్" అని, పక్కన గీతలు ఉంటాయి, కాన్సుల్ అనే రోమన్ పెద్ద పదవి ఎన్నోసారి చేపట్టాడో ఆ లెక్క. ఆంటోనినస్ నాణెం మీద మూడు గీతలుంటే 140 నుంచి 144 లోపు, నాలుగుంటే 145 తర్వాత. బొమ్మ కంటే ఈ గీతలే కాలం బాగా చెప్తాయి.

పాతరాతియుగం
నీళ్ళ పరీక్షలో తక్కువ వచ్చినా సంబరపడకండి. రోమన్ల కాలంలోనే దొంగనాణేలు చేసేవారు. రాగి బిళ్ళకి వెండి రేకు చుట్టి, దాన్ని అచ్చుల మధ్య పెట్టి కొట్టేవారు. వాటిని ఫూర్రే అంటారు. అవి తూకం తక్కువుంటాయి, లోన రాగి ఉంటుంది, రెండువేల ఏళ్ళవే. 3.42 అంటే నాకు అదే తోస్తోంది.

నాణెంపిచ్చి
ఈసారి మీ మాటలో పస ఉంది. ఫూర్రే అయితే ఎక్కడో చోట రేకు చిట్లి, లోపలి రాగికి పచ్చ చిలుము పట్టి కనిపిస్తుంది. మహేంద్రతనయ గారూ, భూతద్దంతో అంచు పగులు లోపలికి చూడండి. కొట్టిన నాణేనికి పగులొస్తే లోపల గరుగ్గా, విరిగిన బెల్లం అచ్చులా ఉంటుంది. పోత పోసినదైతే పగులు పైపైనే ఉంటుంది, లోపల నున్నగా ఉంటుంది, ఎందుకంటే అది పగులు కాదు, పగులు బొమ్మ. అక్షరాల పక్కన కూడా చూడండి. సుత్తి దెబ్బకి వెండి బయటికి జరిగి సన్నటి గీతలు అంచు వైపు పోతాయి. పోతలో అవి ఉండవు, అక్షరాల అంచులు గుండ్రంగా కరిగినట్టు ఉంటాయి, సూదిమొన బొక్కలుంటాయి.

మహేంద్రతనయ_గట్టు
చూశాను. మా బావగారి దగ్గర వాచీల పని చేసే కళ్ళద్దం ఉంది. పగులు లోపలికి పోలేదు. ఒక కాలువలా ఉంది, అడుగు మెరుస్తోంది. "పాంటిఫ్" అక్షరాల్లో "ఎఫ్" కాలి దగ్గర రెండు బొక్కలు, సూది గుచ్చినట్టు. పచ్చ చిలుము ఎక్కడా లేదు. సందుల్లో ఉన్న నలుపు దూదికి అంటుకుంటోంది.

కంసాలివీధి
దూదికి ఊరికే అంటుకుంటోందా, ఏమైనా రాశారా?

మహేంద్రతనయ_గట్టు
గోళ్ళరంగు తుడిచే అసిటోన్. వెండికి ఏమీ కాదని చదివి రాశాను.

కంసాలివీధి
వెండికి ఏమీ కాదు, నిజమే. రంగో లక్కో అయితేనే దానికి వస్తుంది. వెండికి గంధకం పట్టి వచ్చిన నలుపు అసిటోన్‌కి రాదు. గంధకం నీళ్ళలో ముంచి నలుపు తెప్పించే పని మా వీధిలో కూడా చేస్తారు, నగలకి పాత కళ రావాలని. ఇతను అంత కష్టం కూడా పడలేదు, బూటు పాలిషు లాంటిదేదో పులిమాడు.

గుణుపురం_గోల
బెకర్ గురించి ఎవరూ చెప్పలేదేం? జర్మనీలో 1772 నుంచి 1830 దాకా బతికాడు, దొంగ నాణేల్లో ఘనాపాఠి. చేసిన నాణేలను ఇనుపరజను పెట్టెలో పోసి బండికింద కట్టించి ఊళ్ళు తిప్పేవాడట, అరిగినట్టు కనబడాలని. మన ఘాట్ రోడ్డు బస్సు దొరికుంటే ఆయనకి ఒక్క ట్రిప్పు చాలును.

నాణెంపిచ్చి
బెకర్ చెక్కిన అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. అతను పోత పోసేవాడు కాదు, స్వయంగా అచ్చులు చెక్కి కొట్టేవాడు, అందుకే పట్టుకోవడం కష్టం. ఈ మధ్యకాలంలో బల్గేరియా నుంచి వచ్చినవి అలాంటివే. నిజమైన వెండి, సరైన తూకం, కొట్టిన నాణెం. వాటి మీద నీళ్ళూ పనిచెయ్యవు, మిషనూ పనిచెయ్యదు. అదే అచ్చుతో వచ్చిన ఇంకో నకిలీ ఇప్పటికే ఎక్కడైనా నమోదై ఉందా అని వెతుక్కోవడమే దారి. మహేంద్రతనయ గారిది ఆ స్థాయి కూడా కాదు.

రుషికుల్య
నాకు ఒక ఆలోచనొచ్చి ఆ అమ్మకందారు పాత పోస్టులన్నీ కిందదాకా చూశాను. పోయిన సంక్రాంతికి ఒక టైబీరియస్ అమ్మాడు. వినాయక చవితి ముందు ఇంకొకటి. రెండిటి ఫోటోలు, మీది, పక్కపక్కన పెట్టాను. ఎడంపక్క పగులు మూడిటికీ ఒకే చోట, ఒకే వంకరతో. రాజుగారి చెంప మీద గాటు కూడా మూడిటికీ ఉంది. ఒకటి మాత్రం నల్లగా ఉంది, ఒకటి తెల్లగా ఉంది. కథలు వేరు: ఒకదానికి "మచిలీపట్నం సేకరణ" అని, ఇంకోదానికి "హైదరాబాద్ నవాబు కుటుంబం" అని.

ప్రాణహిత_అన్న
అరె వా చెల్లె! సీఐడీ పని చేసినవ్.

పాతరాతియుగం
ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు ఒకేలాగే ఉంటాయి కదా. అందులో వింతేముంది?

నాణెంపిచ్చి
బొమ్మ ఒకేలా ఉంటే వింత లేదు. అచ్చు తప్పులు రెండిటికీ రావచ్చు. కానీ పగులు అచ్చుది కాదు, ఆ బిళ్ళది. బిళ్ళ ఒక్కోటి ఒక్కోలా చీలుతుంది. చెంప మీద గాటు తర్వాత ఎవరి చేతిలోనో పడింది. ఈ రెండూ మూడు నాణేలకి ఒకే చోట రావాలంటే, మూడూ ఒక నాణెం మీంచి తీసిన మూసలో పోసినవే అయ్యుండాలి. ఆ మొదటిది బహుశా అసలుదే, పాపం.

లెక్కలమాష్టారు
నీళ్ళ పరీక్ష చెయ్యడం మానకు నాయనా. ఊరికే చెప్పానా?

మహేంద్రతనయ_గట్టు
చేశాను మాష్టారూ. 0.39 వచ్చింది. మళ్ళీ చేసినా అంతే. 8.77. కొట్టుకి కూడా వెళ్ళాను. కొట్టాయన విసుక్కున్నాడు గానీ పగులు దగ్గర పెట్టి చూశాడు. వెండి 41కి పడిపోయింది. రాగి, జింకు, నికెల్ అని మూడూ వచ్చాయి.

కంసాలివీధి
అయిపోయింది. జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉంది, లోన ఒక్క రవ్వ ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. పళ్ళేలకి, గిన్నెలకి వాడతారు. దాన్ని పోసి, పైన వెండి పూత వేశారు.

పాతరాతియుగం
జింకు రోమన్లకి తెలుసు. వాళ్ళ పెద్ద నాణేలు సెస్టెర్టియస్‌లు ఇత్తడివే. నికెల్ కూడా క్రీస్తు పూర్వమే నాణేల్లో ఉంది. బాక్ట్రియాలో (ఇప్పటి అఫ్గానిస్తాన్ వైపు గ్రీకు రాజ్యం) యూథిడెమస్ రెండో వాడు, పాంటలియన్, అగాథొక్లిస్ రాగి నికెల్ నాణేలు వేశారు. ఇది చరిత్ర, నేను కల్పించింది కాదు.

లెక్కలమాష్టారు
కల్పించలేదు, నిజమే. కానీ బాక్ట్రియా వాళ్ళ లోహంలో జింకు కలపలేదు, రోమన్ల ఇత్తడిలో నికెల్ కలపలేదు. రెండూ కలిపి వెండిలా మెరిసేట్టు ఐరోపాలో చేసింది పంతొమ్మిదో శతాబ్దంలో. టైబీరియస్‌కి అది అందాలంటే ఆయన పద్దెనిమిది వందల ఏళ్ళు ఆగాలి.

గుణుపురం_గోల
పాతరాతియుగం గారి పట్టుదల చూస్తుంటే ఆ నాణెం ఆయనకే అమ్మేస్తే సరి. వాపసు తలనొప్పి ఉండదు.

పాతరాతియుగం
5,000 ఇస్తాను, అచ్చంగా జర్మన్ సిల్వర్ నాణెం అని రాసిస్తే :)

వంశధార_ఒడ్డు
అసలు సంగతి ఇంకోటి అడగాలి. మా పెదనాన్న గారి ఊళ్ళో చెరువు పూడిక తీస్తుంటే చిన్న ముంతలో వెండి బిళ్ళలు దొరికాయి. రోమన్‌వో మరేవో తెలీదు. ఎవరికీ చెప్పకుండా అమ్మేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

వకీలుబాబు
అమ్మొద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాచినది పది రూపాయల పైన విలువ చేసేది దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. తెలిపినవాళ్ళకి హక్కులున్నాయి, దాచినవాళ్ళకి కేసులున్నాయి. ముంతతో సహా, కడగకుండా, ఉన్నవి ఉన్నట్టు అప్పగించమనండి. ముంత ఆకారమే కాలం చెప్తుంది.

ఇంకో చట్టం 1972ది. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశం దాటించడం మాత్రం నేరం. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవాడికి లైసెన్సుండాలి. మహేంద్రతనయ గారూ, మీ అమ్మకందారుని ముందు ఆ లైసెన్సు నంబరు అడగండి. అసలుదని వాదిస్తే లైసెన్సేది అనాలి, నకిలీ అని ఒప్పుకుంటే డబ్బేది అనాలి. రెండు వైపులా ఇరుకే.

ప్రాణహిత_అన్న
వకీల్ సాబ్ దిమాక్!

వంశధార_ఒడ్డు
పెదనాన్నకి చెప్పాను. "కలెక్టరుకిస్తే మనకేటి మిగుల్తాది" అంటున్నారు. ఊరి సర్పంచికి ముందే తెలిసిపోయిందట, ఇక దాచినా దాగదు. రేపు తహసీల్దారు ఆఫీసుకి తీసుకెళ్తున్నాం.

వకీలుబాబు
కాయితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఎన్ని బిళ్ళలో లెక్క, ఫోటో, పంచాయితీ సాక్షి సంతకం. నోటిమాట వద్దు.

మహేంద్రతనయ_గట్టు
మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపాను, లైసెన్సు మాట కూడా రాశాను. మొదట "మీ మిషను తప్పు" అన్నాడు. తర్వాత "సగం వెనక్కిస్తాను, నాణెం మీరే ఉంచుకోండి" అన్నాడు. ఒప్పుకోలేదు. పార్సిలు తూకం వేయించి, కవరు మూసేదాకా వీడియో తీసి పంపించాను. నాది ఇది కాదు అని మళ్ళీ అంటాడేమోనని. డబ్బు పడింది, కొరియరు ఖర్చు తప్ప.

నాణెంపిచ్చి
మంచి పని. ఇకమీదట కొనేముందే అంచు ఫోటో, గ్రాముల్లో తూకం, నకిలీ అని తేలితే ఎప్పుడైనా తీసుకుంటానని రాతలో ఒక మాట అడగండి. అసలు సరుకున్నవాడు ఈ మూడిటికీ చిరాకు పడడు. వారం గడువు అన్నవాడికి మీరు కనిపెట్టేలోపు వారం దాటిపోతుందని తెలుసు.

రుషికుల్య
అదే నాణెం మళ్ళీ పెట్టాడండీ! నలుపు కొత్తగా పులిమాడు. ఈసారి "అమరావతి స్తూపం దగ్గర దొరికింది" అట. ధర 7,500.

గుణుపురం_గోల
700 పెరిగింది. ఊరు మారింది కదా, బస్సు చార్జీ.

కంసాలివీధి
గ్రూపు నడిపేవాళ్ళకి ఆ మూడు ఫోటోలూ పంపండి. తియ్యకపోతే కింద వ్యాఖ్యలో పెట్టండి, కొనేవాళ్ళు చూసుకుంటారు.

రుషికుల్య
పంపాను. మాష్టారూ, మీరు చెప్పినట్టు నా ఫాస్టీనాని కూడా నీళ్ళలో ముంచాను. 3.24కి 0.32 వచ్చింది.

లెక్కలమాష్టారు
10.1. ఆంటోనినస్ కాలానికి వెండిలో రాగి కొంత కలిపేవారు, నూటికి ఎనభై పైచిలుకు వెండి అనుకుంటే ఈ అంకె సరిగ్గా కూర్చుంటుంది. అమ్మినవాళ్ళ బిల్లు కూడా ఉంది కదా, నిశ్చింతగా ఉండమ్మా.

రుషికుల్య
ఛత్రపురంలో సముద్రపు గాలికి వెండి ఊరికే నల్లబడిపోతుంది. మా అత్తగారు చింతపండు పెట్టి తోమిస్తానంటున్నారు.

కంసాలివీధి
అమ్మో, వద్దు. చింతపండు పులుపుకి పైపొర పోతుంది. పళ్ళపొడి, ముగ్గుపిండి కూడా వద్దు. ఆ నలుపే దాని వయసు, అలా ఉండనివ్వండి.

నాణెంపిచ్చి
ఏ కవర్లో పెట్టారు? మెత్తగా వంగి, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్ అయితే వెంటనే తియ్యండి. పీవీసీ అది, కొన్నాళ్ళకి నాణెం మీద పచ్చగా జిగురు పడుతుంది. గట్టి మైలార్ కవర్లు అమ్ముతారు, అవి తెప్పించుకోండి. లేదంటే ఆమ్లం లేని కాయితం పొట్లంలో పెట్టి, డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వెయ్యండి.

రుషికుల్య
రెయిన్‌కోటు వాసనే వస్తోంది. ఇప్పుడే తీసేశాను.